ఉమ్మడి పలకపై ఇస్త్రీబండి



గడచిన మాసమున నొక సోదరి నాకు వ్రాసిన యుత్తరమును ముందుగా మీ యెదుట నుంచెదను. ఆమెకు కుమారుడొకడు, కుమార్తె యొకతె. కుమారుడు ఇంటర్మీడియెట్టు, కుమార్తె తొమ్మిదవ తరగతి. భర్తగారి ఫోను భర్తగారితో కచేరికి పోవును. ఇంట మిగిలినది ఒక్క ఫోను. సాయంకాలమైనచో దానికొఱకు అన్నాచెల్లెండ్రకు నిత్యము తగవు. పిల్లవాడు లెక్కల పాఠము వినవలెననును. పిల్ల, "మా డ్రాయింగు టీచరుగారు బొమ్మను ఉమ్మడి పలకపై పెట్టి, తక్కినవారి బొమ్మలు చూచి నాలుగు మాటలు వ్రాయుమన్నారు" అనును. ఆ తల్లి నన్నడిగిన ప్రశ్న యిది: "అమ్మా, బొమ్మ గీయుటకు కాగితమును పెన్సిలును చాలవా? దీనికి ఫోనెందుకు? ఇది చదువా, ఆటా? నేనెవరి పక్షము పలుకవలెను?"

ఈ ప్రశ్నను మూడు నెలల క్రిందట నడిగియుండినచో, "కాగితము చాలును, ఫోను పిల్లవానికిమ్ము" అని యొక్క మాటతో తేల్చియుందును. ఇప్పుడట్లు చెప్పలేను. కాకినాడలో మా చెల్లెలి యింట జరిగిన సంగతి నా యభిప్రాయమును మార్చినది. అది చెప్పుటకు ముందు, ఈ యుమ్మడి పలక యననేమో తెలియని వారికొఱకు రెండు మాటలు.

మనము ఫోనులో నొక బొమ్మను ఇంకొకరికి పంపినప్పుడు వారియొద్ద నొక ప్రతి, మనయొద్ద నొక ప్రతి యుండును. ఉమ్మడి పలక అట్టిది కాదు. ఆ పుట ఎవరి ఫోనులోను లేదు. ఎక్కడనో దూరమున నొక కంపెనీవారి కంప్యూటర్లలో నుండును. దాని చిరునామా, అనగా లింకు, ఎవరెవరికిత్తురో వారందఱును ఆ యొక్క పుటనే తెఱచి చూచుచుందురు. ఒకరు అందొక గీత గీసినచో, ఆ క్షణముననే తక్కినవారి కన్నుల యెదుట ఆ గీత మొలచును. గూగుల్ వారి స్లైడ్సు, మిరో, ప్యాడ్‌లెట్ మొదలైనవి యిట్టివే. ప్యాడ్‌లెట్ 2008లో వాల్‌విషర్ అను పేరుతో పుట్టినది. గోడకు చీటీలంటించినట్లు బొమ్మలంటించుట దాని పద్ధతి. అమెరికాలోని హైస్కూళ్ల చిత్రలేఖనోపాధ్యాయులు చాల యేండ్లుగా నిట్టివానిని వాడుచున్నారు. 2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు మన దేశమునను చాలమంది యుపాధ్యాయులు వీనిని ఆశ్రయించిరి. బడులు మరల తెఱచిన పిదప కొందఱు విడిచిరి, కొందఱు విడువలేదు. మా పిల్ల టీచరుగారు విడువనివారిలో నొకరు.

ఇందు మఱువరానిది అధికారముల సంగతి. లింకునిచ్చువారు దానిని మూడు విధముల నీయవచ్చును: చూచుటకు మాత్రమే, చూచి వ్యాఖ్య వ్రాయుటకు, లేదా పుటనే మార్చుటకు. మన యింటి తాళములవలెనే. వీధిగది తాళము, వంటయింటి తాళము, ఇనుపపెట్టె తాళము ఒక్క గుత్తిగా దారిని పోవు వారెవరికిని ఈయము గదా! మా పిల్ల కథలోని చిక్కంతయు నిక్కడనే పుట్టినది.

పదిమంది చేరి యొక బొమ్మ వేయుట మనకు క్రొత్త గాదు. సంక్రాంతినాడు తల్లి చుక్కలు పెట్టగా కూతుళ్లు గీతలు కలుపుదురు. రంగులు నింపుటకు ప్రక్కయింటి పిల్లలు వత్తురు. తెలంగాణములో చేర్యాల నకాషీవారి యిండ్లలో, చింతగింజల యంబలియు సుద్దమట్టియు పూసిన గుడ్డపై కథల పటములు వ్రాయుట కుటుంబమంతటి పని. పెడనలో కలంకారీ యద్దకమునకు అచ్చు చెక్కువారు వేఱు, అద్దువారు వేఱు, ఉతుకువారు వేఱు. పారిస్ నగరమున 1925 ప్రాంతమున సర్రియలిస్టులను చిత్రకారులును కవులును వినోదముగా నొక యాట యాడిరి: కాగితముపై నొకరు తల గీసి, మడత క్రింద దాచి యిచ్చినచో, రెండవవారు అది చూడకయే మొండెమును, మూడవవారు కాళ్లను గీయుదురు. విప్పి చూచి నవ్వుకొందురు. ఆ యాటను నేటి డ్రాయింగు టీచర్లు కొందఱు ఉమ్మడి పలకపై పిల్లలచే నాడించుచున్నారు. అయితే ముగ్గులోను పటములోను ఎవరి చేయి ఎక్కడ మొదలై యెక్కడ నిలువవలెనో అందఱికిని తెలియును. పలకపై, ఎవరైన చెప్పిననే గాని తెలియదు.

ఇక కథకు వత్తును. మా చెల్లెలి కూతురి తరగతిలో ముప్పదియిద్దఱు పిల్లలు. టీచరుగారు "మా వీధి" యని యొక ఉమ్మడి పుస్తకము తెఱచి, అందు పిల్లకొక పుట చొప్పున నిచ్చిరి. బొమ్మ కాగితముపై పెన్సిలుతోనే గీయవలెను. సాయంకాలమునకు ఎంతవఱకైనదో అంతవఱకు ఫోటో తీసి తన పుటలో నుంచి, మునుపటిది తీసివేయవలెను. తక్కినవారు ప్రక్కన వ్యాఖ్యలు వ్రాయవలెను. మా పిల్ల తమ వీధి చివర రావిచెట్టు క్రింద నుండు ఇస్త్రీబండిని ఎంచుకొన్నది. నాలుగు సైకిలు చక్రములు, పైన రేకు, బొగ్గుల ఇస్త్రీపెట్టె, మడతపెట్టిన బట్టల మూటలు, ఆ బండియొద్ద పని చేయు నావిడ. గురు, శుక్ర, శనివారముల సాయంకాలములు మూడును గీసినది. నేనప్పుడక్కడనే యున్నాను. అన్నమునకు పిలిచినను రాక, "ఇదిగో పెద్దమ్మా, ఈ చక్రమొక్కటి" అనుచుండెడిది.

శుక్రవారము రాత్రి దాని పుట ప్రక్కన నొక వ్యాఖ్య కనబడినది. వ్రాసినవారి పేరు లేదు. "ఇస్త్రీబండి తప్ప మీ వీధిలో ఇంకేమీ లేదా?" అని యింతే. పెద్దలమైన మనకిది యొక మాటయే కాదు. పదునాలుగేండ్ల పిల్లకది ముల్లు. అది పైకేమియు ననలేదు. శనివారము మాత్రము బొమ్మలో సగము రబ్బరుతో చెఱిపి, కొలబద్ద పెట్టి గీతలన్నియు తిన్నగా తీర్చి, ఆవిడను మునుపటికంటె చిన్నదిగా గీసి, ఫోటో నుంచినది. ఆదివారము ప్రొద్దున ఫోను తెఱచి చూడగా బండి లేదు. ఆ పుట నిండుగా నొక యెఱ్ఱని కారున్నది.

ఆ యేడుపు నేను మఱువలేను. "పెద్దమ్మా, కావాలనే చేశారు. నేనింక డ్రాయింగు క్లాసుకి పోను" అన్నది. మా చెల్లెలు, పాపము, మంచి మనసుతోనే, "పోనీలే, లెక్కల ట్యూషనుకైనా టైము దొరుకుతుంది" అన్నది. ఆ మాట నా గుండెలో గ్రుచ్చుకొన్నది. చిన్ననాట నా సంగీత పాఠము ఆగిపోయినదియు నిట్టి "పోనీలే" తోడనే. నన్ను మానుమన్నవారు లేరు, మానవలదన్నవారును లేరు.

ఆ మధ్యాహ్నమే మా చెల్లెలిచే టీచరుగారికి ఫోను చేయించితిని. ఆమె, "ఆ పుటలో నేమియు ముట్టుకొనకుడు. రేపు బడికి అరగంట ముందుగా రండు" అనిరి. నేనును వెళ్లితిని. ఆమె బల్లమీది కంప్యూటరులో ఆ పుస్తకము తెఱచి, దాని పూర్వరూపముల ఖాతాను చూపిరి. ఎవరు ఏ దినమున ఏ గంటకు ఏమి మార్చిరో అందు వరుసగా నుండును. పాలు పోసిన దినములను మనము కేలండరుపై గుర్తుపెట్టుకొన్నట్లు. శనివారము రాత్రి 9 గంటల 10 నిమిషములకు ఇస్త్రీబండిని తీసివేసినవారి పేరు అందు కనబడినది. ఆ పేరు పట్టణమున నెల్లరెఱిగిన యొక వకీలుగారిది!

టీచరుగారు నవ్వాపుకొనలేకపోయిరి. వకీలుగారి ఫోనుతో వారి కుమారుడు పని చేసినాడు. అందలి ఖాతా తండ్రిగారిది. ఆ పిల్లవానిని పిలిచి యడుగగా వాడు బిత్తరపోయినాడు. వాని పుట పదునేడవది, మా పిల్లది పదునాఱవది. చిన్న తెఱపై వ్రేలు జాఱి, ప్రక్క పుటలోనికి పోయి, కండ్లు సరిగా నానకయే, ఉన్నది తన పాత ఫోటోయే యనుకొని తీసివేసి, క్రొత్త కారు నుంచినాడు. వాని పుటలో సగము గీసిన పాత కారు అట్లే యున్నది. దానిని చూచిన పిదప మా పిల్లకును నమ్మక తప్పలేదు. వాడు "సారీ" యని మూడుమాఱులు చెప్పి, నాల్గవమాఱు, "మీ బండి చక్రాలు నా కారు చక్రాలకన్నా బాగున్నాయి" అన్నాడు.

టీచరుగారు పూర్వరూపము నుండి బండిని ప్రతి తీసి తిరిగి దాని చోట నుంచిరి. అంతటితో ముగిసియుండిన నేనీ పుట వ్రాయకపోదును. ఆమె శనివారపు రూపమును చూచి, పిదప శుక్రవారపు రూపమును తెఱచి, అక్కడ నాగిపోయిరి. ఆ బొమ్మలో చక్రము కొంచెము వంకర. కాని ఆవిడ భుజము వంగియున్నది, చేయి ఇస్త్రీపెట్టెపై నానియున్నది, పెట్టె బరువు చూచువారికి తెలియుచున్నది. శనివారపు బొమ్మలో గీతలన్నియు తిన్ననివి. బరువు మాత్రము లేదు. కాగితముపై శుక్రవారపు గీతలను రబ్బరు ఏనాడో తినివేసినది. పలక వానిని దాచియుంచినది.

"ఇంత మంచి చేతిని ఎందుకు చెరిపావమ్మా?" అని యామె యడిగిరి. పిల్ల తల వంచుకొని, ప్రక్కనున్న యా పేరులేని వ్యాఖ్యను వ్రేలితో చూపినది.

నా యభిప్రాయము మాఱినది ఆ ఘడియలోనే. ముప్పదిమంది పిల్లలున్న తరగతిలో డ్రాయింగు టీచరు చూడగలిగినది ముగిసిన బొమ్మను మాత్రమే. దానికి పదికి ఆఱో ఏడో మార్కులు వేయుదురు. పిల్ల ఎక్కడ ధైర్యముగా గీసినది, ఎక్కడ భయపడి చెఱిపినది, ఆ భయమునకు కారణమేమి — ఇవి కాగితము చెప్పదు. తల్లికిని తెలియదు. మనము వంటయింటిలో నుందుము, పిల్ల గదిలో చెఱుపుచుండును. ఉమ్మడి పలకలో నాకు విలువైనదిగ తోచినది దాని రంగులు గాదు, వేగము గాదు. అది బొమ్మ నడచివచ్చిన దారిని దాచియుంచుట.

ఆ వ్యాఖ్య ఎవరు వ్రాసిరో నేటికిని తెలియదు. లింకు దొరికిన వారెల్లరును పుటను మార్చునట్లు టీచరుగారు అధికారమిచ్చియుండిరి. ఖాతా పేరు లేకుండ లోనికి వచ్చినవారికి, పుట తెఱచియున్నంతసేపు, గూగుల్ వారు ఏదో జంతువు పేరు తగిలింతురు. పేరులేని ఒంటె, పేరులేని ఎలుగు అని. ఆ యొంటె యెవరో యెవరెఱుగుదురు? ఆ దినమున తరగతిలో టీచరుగారు, "తప్పు నాది. తాళాల గుత్తి మొత్తం మీ చేతికిచ్చాను" అని పిల్లలతోనే చెప్పిరట. ఆ మాట చెప్పుటకు పెద్దమనసు కావలెను. ఆ పిమ్మట బడివారు ఉచితముగా తీసియిచ్చు ఖాతాలను పిల్లలందఱికిని వారి వారి పేర్లతో నిప్పించిరి. పిల్లకొక వేఱు పుస్తకము చేసి, దానిని మార్చు నధికారము ఆ పిల్లకును తనకును మాత్రమే యుంచుకొనిరి. తక్కినవారు చూడవచ్చును, వ్యాఖ్య వ్రాయవచ్చును. వ్రాసినచో పేరు పడును.

వ్యాఖ్యకును ఒక మర్యాద పెట్టిరి. మొదట బొమ్మలో తనకేమి కనబడుచున్నదో యొక వాక్యము. పిదప నొక ప్రశ్న. "బాగుంది" యనరాదు, "బాగులేదు" అనరాదు. మొదటి నిషేధము నాకు వింతగా తోచినది. ఆలోచింపగా అదియే యెక్కువ యవసరమనిపించినది. పెండ్లి భోజనమున "అన్నీ బాగున్నాయండీ" అన్నవారివలన వంటవానికి తెలిసినదేమి? "పులుసులో బెల్లము ముందుకు వచ్చినది" అన్నవారే తిన్నవారు. మా పిల్ల బొమ్మ క్రింద నొక సహాధ్యాయిని వ్రాసినది: "ఆవిడ చేతికింద నీడ లేదు. ఎండ ఎటువైపు నుంచి వస్తోంది?" మా పిల్ల ఆ సాయంకాలమే గొడుగు పట్టుకొని నాలుగు గంటల యెండలో రావిచెట్టు క్రిందికి పరుగెత్తినది, నీడ చూచుటకు.

అందఱును ఒక్క పుటపైనే చేయి పెట్టవలసిన పాఠములును లేకపోలేదు. ఆమ్‌స్టర్‌డామ్ నగరమున రైక్స్‌మ్యూజియమ్ అను చిత్రశాల కలదు. అందు రెంబ్రాంట్ 1642లో వ్రాసిన 'నైట్ వాచ్' అను పటము, మనిషికి రెండింతలెత్తు. ఆ చిత్రశాలవారు 2022 జనవరిలో దానికి 71,700 కోట్ల చుక్కలతో కూడిన ఛాయాచిత్రము తీసి ఎల్లరును చూచుటకు అంతర్జాలమున నుంచిరి. దగ్గఱకు తెచ్చుకొన్న కొలది రంగులోని పగుళ్లును కానవచ్చును. టీచరుగారు ఆ పటమును ఉమ్మడి పుటపై నుంచి, "మాటాడకుండ, మీ కన్ను మొదట పడిన చోట నొక చుక్క పెట్టి, ఎందుకో వ్రాయుడు" అనిరట. చాలమంది చుక్కలు నడుమనున్న దళపతిపై పడినవి. మా పిల్ల చుక్క పసిడి వెలుగులోనున్న చిన్న పిల్లపై. ఆ పిల్ల నడుమున కోడి వ్రేలాడుచున్నదని కనిపెట్టినదియు నిదియే. తరగతిలో నెన్నడును నోరు విప్పని యొక పిల్లవాడు కుడిమూలనున్న కుక్కపై చుక్క పెట్టి, "డోలు మ్రోతకు మొఱుగుచున్నది" అని వ్రాసినాడట. లేచి నిలిచి చెప్పుమన్నచో వాడు చెప్పియుండునా? నేను నమ్మను.

తల్లులు జాగ్రత్తపడవలసినవియు కలవు. ఈ పలకలు మనవి కావు, అద్దె యిండ్లు. గూగుల్ వారి జామ్‌బోర్డు అను పలకపై అనేక దేశముల పిల్లలు బొమ్మలు గీసిరి. 2024 డిసెంబరు 31వ తేదీతో దానిని మూసివేసిరి. ముందుగా చెప్పియే మూసిరి. కాబట్టి పాఠము ముగియగానే ఒక ప్రతి మన యొద్ద దాచుకొనుట మంచిది. కాగితమును పాఱవేయకుడు. బొమ్మ ఫోటోలో పిల్ల ముఖముగాని, ఇంటి నంబరుగాని పడనీయకుడు. బడివారిచ్చిన లింకును మురిసిపోయి బంధువుల వాట్సాప్ గుంపులో పెట్టకుడు; అందు మన పిల్ల బొమ్మయేగాక ముప్పదిమంది పిల్లల పేర్లుండును. 2023లో మన దేశమున చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము ప్రకారము, 18 ఏండ్లు నిండనివారి వివరములను వాడుకొనుటకు సామాన్యముగా తల్లిదండ్రుల యనుమతి కావలెను. బడినుండి యనుమతి కాగితము వచ్చినచో మడిచి సంతకము పెట్టక, ఏ పలక, ఎవరు చూతురు, ఎప్పుడు తీసివేయుదురు అని యడుగుటకు మీకు హక్కు కలదు. అడిగిన తల్లిని చూచి బడివారు విసుగుకొనవచ్చును. విసుగుకొననిండు.

ఇప్పుడా యుత్తరము వ్రాసిన సోదరికి నా సమాధానము. అమ్మా, మీ పిల్ల బొమ్మ గీయునది కాగితముపైననే. గంటసేపు గీసినను దానికి ఫోనక్కఱలేదు. ఫోటో తీసి పెట్టుటకు అయిదు నిమిషములు, తోడివారి బొమ్మలు రెండు మూడు చూచి వ్రాయుటకు పావుగంట. మొత్తము ఇరువది నిమిషములు. దానిని పిల్లవాని పాఠము ముగిసిన తరువాత మిగిలినచో నిచ్చు ముష్టిగా గాక, వేళ కట్టి యిండు. ఏడు గంటలనుండి ఏడుంబావు దాటువఱకు ఫోను పిల్లది. మీ కుమారునికి కోపము వచ్చినచో, 2020 జాతీయ విద్యావిధానమున కళలకును శాస్త్రములకును నడుమ గట్టి గోడలుండరాదని వ్రాసియున్నదని చెప్పుడు. అదియు విననిచో, చెల్లెలి బొమ్మకు వానినే యొక వ్యాఖ్య వ్రాయుమనుడు, పైన చెప్పిన మర్యాదతో. మీరును అప్పుడప్పుడు పిల్ల ప్రక్కన కూర్చుండి, నేటి బొమ్మను మాత్రమేగాక నిన్నటిదానిని, మొన్నటిదానిని చూపుమనుడు.

తరువాతి యాదివారము మా పిల్ల తన కాగితము తీసికొని ఇస్త్రీబండి యొద్దకు పోయినది. ఆవిడ చేతిని తిరిగి శుక్రవారమునాటివలె గీసినది. నేను వెంట వెళ్లితిని. ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకొని, కాగితము పట్టుకొని, చాలసేపు చూచినది. "నేనే!" అని నవ్వినది. పిదప, "అంతా బాగుంది పాపా, కానీ పెట్టె మూత ఇటేపు తెరుచుకోదు. ఇలా తెరిస్తే నిప్పులన్నీ నా మీదే పడవూ?" అన్నది. పిల్ల అక్కడనే బండి యంచున కాగితము నానించి, రబ్బరు తీసినది. అంతలో ఏదో తోచి ఆగి, ఫోను నా చేతికిచ్చి, "చెరిపేముందు ఒక ఫోటో తియ్యి పెద్దమ్మా" అన్నది.